ఏజెంటుకు కప్పిన శాలువా

రచయితల తరఫున ప్రచురణకర్తలతో మాట్లాడే సాహిత్య ఏజెంట్ల వెబ్‌సైట్లు చూసినన్నాళ్ళూ నాకు మనుషుల మీద చిరాకు తప్ప మరేమీ పెరగలేదు. ప్రతి సైట్‌లోనూ ఒక ఫొటో ఉంటుంది. మెడలో స్కార్ఫ్, వెనక గోడంతా పుస్తకాలు, మొహాన ‘నేను చాలా చదివాను, నువ్వేం రాశావో చూద్దాం’ అన్నట్టు ఒక చిన్న నవ్వు. కింద, కొత్త గొంతుల కోసం ఆత్రంగా ఎదురుచూస్తున్నాం అని రాసి ఉంటుంది. ఇంకాస్త కిందికి వెళితే, పని ఒత్తిడి వల్ల అందరికీ జవాబివ్వలేమనీ, కొన్ని నెలల్లో ఏ కబురూ రాకపోతే వద్దన్నట్టే అనుకోవాలనీ ఉంటుంది. అంత ఆత్రంగా ఎదురుచూసేవాళ్ళు తలుపు కొడితే పలకకపోవడం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అది కరోనా వచ్చిన మొదటి ఏడాది. స్టుట్‌గార్ట్ పక్కనే చిన్న ఊళ్ళో మా అద్దె ఇల్లు. నేను కార్ల విడిభాగాలు తయారుచేసే కంపెనీలో టెస్టింగ్ ఇంజనీరుని. ఆర్డర్లు పడిపోయి మమ్మల్ని కుర్ట్స్‌ఆర్బైట్‌లో పెట్టారు. అంటే సగం పని, తగ్గిన జీతంలో కొంత ప్రభుత్వం ఇస్తుంది. ఆ తీరికలో ఇక్కడి తెలుగువాళ్ళు ఇంట్లో బ్రెడ్డు కాల్చడం నేర్చుకున్నారు. బాల్కనీలో గోంగూర పెంచి, ఆ నాలుగు ఆకుల ఫొటోలు గ్రూపులో పెట్టి, ఒకరినొకరు మెచ్చుకుని మురిసిపోయారు. నేను నవల రాశాను.

అది మా కంపెనీలో నేను రోజూ చూసే గది గురించి. కార్ల వైపర్లు పరీక్షించే ల్యాబ్ అది. అక్కడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా పైపుల్లోంచి వాన కురుస్తూనే ఉంటుంది. బయట ఎండ కాస్తున్నా, మంచు పడుతున్నా లోపల వానే. ఆ గదిలో పనిచేసే ఒకామె, ఇంటికి వెళ్ళాక కూడా ఆ చప్పుడు చెవుల్లోంచి పోక, అది లేనిచోట నిద్రపట్టక, చివరికి తన కాపురాన్ని ఆ చప్పుడులోంచే వినడం మొదలుపెడుతుంది. ముందు తెలుగులో రాశాను. తర్వాత కూర్చుని మొత్తం ఇంగ్లీషులో తిరగరాశాను.

తెలుగులోనే అచ్చు వేయించుకోవచ్చు కదా అని మా అక్క ఫోన్‌లో అడిగింది. వేయించుకోవచ్చు. మన దగ్గర ఏజెంట్లు లేరు, ఆ ఉద్యోగం కూడా రచయితే చేస్తాడు. రాసినవాడే అచ్చు వేయిస్తాడు, రాసినవాడే సభ పెడతాడు, వచ్చినవాళ్ళకి సమోసా, టీ ఇప్పించి, వెళ్ళేటప్పుడు చేతిలో ఒక కాపీ పెట్టి దణ్ణం పెడతాడు. నాకు అది వద్దు. నాకు కావలసింది ఒక్కటే. నాకు చుట్టం కాని, స్నేహితురాలు కాని, నా ఊరూ ఇంటిపేరూ తెలియని ఒక మనిషి నేను రాసింది చదివి, ఇది నిలబడుతుంది అనాలి. ఆ మాట కోసం నేను ఏడాది పాటు వంటగది బల్ల దగ్గర కూర్చున్నాను.

ఈ దేశంలో ఇంగ్లీషులో రాసినవి కూడా చూస్తాం అనే ఏజెన్సీలే తక్కువ. వాటికి పద్ధతిగా పంపాను. కథంతా రెండు పేజీల్లో కుదించి ఒకటి, మచ్చుకి మొదటి యాభై పేజీలు, నా గురించి నాలుగు ముక్కలు. కొందరు చెప్పినట్టే పలకలేదు. పలికినవాళ్ళు ఇంకా ఘోరం. ‘ఈ నిర్ణయం మీ రచన నాణ్యత మీద తీర్పు కాదని దయచేసి గ్రహించండి’ అని ఒకే వాక్యం, అందరి దగ్గర్నుంచీ, ఒకే బడిలో బట్టీ పట్టినట్టు. నాణ్యత మీద కాకపోతే మరి దేని మీద? నా వంట మీదా?

రెండో లాక్‌డౌన్ చివర్లో, ఆశ వదిలేసుకున్నాక, బెర్లిన్ నుంచి ఒకావిడ రాసింది. యాభై పేజీలూ చదివిందట. ఆ గదిలో వాన ఆగిపోయి అందరూ ఒక్కసారి తలెత్తి చూసే చోటు తనకి బాగా నచ్చిందట. శనివారం మధ్యాహ్నం వీడియోలో మాట్లాడుకుందామా అని అడిగింది. ఆ చోటు రాయడానికి నేనెంత తన్నుకున్నానో నాకే తెలుసు. సరిగ్గా అదే పట్టుకుంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏజెంట్ల మీద నాకున్న తేలికభావమంతా ఆ ఒక్క పూటకి పక్కన పెట్టాను.

అప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, మా ఆయనకి చెప్పడం. ఆయన చేసిన తెలివితక్కువ పని, మా ప్రాంతపు తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టడం. ‘నా వైఫ్ నావెల్‌కి జర్మన్ ఏజెంట్‌తో మీటింగ్ ఫిక్స్ అయింది, మీ అందరి బ్లెస్సింగ్స్ కావాలి’ అని, కింద చేతులు జోడించిన బొమ్మలు. చింతపండు ఎక్కడ చవక, ఫలానా ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరికిందా అని తప్ప ఇంకేమీ మాట్లాడుకోని ఆ గ్రూపు ఒక్కసారి ఊగిపోయింది. నవల తెలుగు ప్రతి ఆ గ్రూపులో పెట్టి అప్పటికి ఆరు నెలలు. అప్పుడు బొటనవేళ్ళు, పూలగుత్తులు వచ్చాయి. ఇప్పుడు లడ్డూలు కూడా వచ్చాయి.

సంఘం అధ్యక్షుడు గారు వెంటనే ఫోన్ చేశారు. అందరూ ఆయన్ని అన్నగారు అంటారు. గోదావరి జిల్లా మనిషి. చదువుకోడానికి కెమ్నిట్జ్ వచ్చి, జర్మన్ మాట్లాడితే ఇక్కడివాళ్ళే తలతిప్పి చూసేంత బాగా నేర్చుకుని, మంచి ఉద్యోగంలో స్థిరపడ్డారు. మేము వచ్చిన కొత్తలో ఇల్లు దొరక్క అల్లాడుతుంటే ఇంటి ఓనరుతో మాట్లాడి ఇప్పించింది ఆయనే. ఆ మాట ఆయన ఎప్పుడూ ఎత్తరు. ఎత్తకుండానే మనకి గుర్తు చేసే కళ ఆయన దగ్గర ఉంది.

“చెల్లెమ్మా, ఒక్కదానివే మాట్లాడతావేంటమ్మా? పెళ్ళిచూపులంటే పెద్దవాళ్ళు పక్కనుండరూ?” అన్నారు.

“ఇది పెళ్ళిచూపులు కాదండీ. నవల గురించి ఆవిడేవో అడుగుతుంది, నేను చెబుతాను. అంతే.”

“అదేనమ్మా నేననేది. మనల్ని మనం పొగుడుకోలేం కదా. మన వెనకాల మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఆవిడకి తెలియాలి. వీళ్ళకి మనుషులంటే గౌరవం తక్కువగానీ, సంఘమంటే గౌరవమేనమ్మా. నేను పక్కనుంటాను, అంతే.”

మీరొక్కరే అయితే సరే అన్నాను. ఇల్లు గుర్తొచ్చి అన్నాను. అప్పుడే ఫోన్ పెట్టేసి ఉండాల్సింది.

ఉచిత మీటింగు మధ్యలో తెగిపోతుందని చెప్పి, ఆవిడ మెయిల్ నా దగ్గర అడిగి తీసుకుని, సంఘం డబ్బు కట్టిన ఖాతా నుంచి అధ్యక్షుడు గారు కొత్త లింకు పంపారు, నాకూ బెర్లినావిడకీ. శనివారం నేను వంటగదిలో లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. తన లాప్‌టాప్‌లో చూస్తానని మా ఆయన పడగ్గదిలో కూర్చున్నాడు. లింకు నొక్కగానే తెర నిండా చదరాలు. మొత్తం కార్యవర్గం, కార్యవర్గం కుటుంబాలు, ఎక్కడో దూరాన ఉన్న వోల్ఫ్స్‌బర్గ్ సంఘం నుంచి యువజన విభాగం. పట్టుచీరల్లో ఆడవాళ్ళు, పైన జరీ లాల్చీలు, కింద ఏం వేసుకున్నారో వాళ్ళకే తెలిసిన మగవాళ్ళు. పైన బ్యానరు: ‘నవలా గోష్ఠి - ముఖ్య అతిథికి ఆత్మీయ స్వాగతం’. ముఖ్య అతిథి అనే చదరంలో బెర్లినావిడ, చేతిలో కాఫీ కప్పుతో, తప్పు గదిలోకి వచ్చినట్టు చూస్తోంది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడకి విడిగా మెసేజ్ పెడదామని చూశాను. అధ్యక్షుడు గారు చాట్ ఆపేశారు, సభా మర్యాద కోసం.

జ్యోతి ప్రజ్వలన జరిగింది. తెర మీద ఇత్తడి కుందె బొమ్మ, దాని మీద నొక్కితే మంట వస్తుంది. నొక్కడానికి కూడా మర్యాదలే. మీరు నొక్కండి సార్, అబ్బే మీరుండగా నేనా, మీరే నొక్కండి. ఎవరింట్లోనో కుక్కర్ కూత వేసింది. తర్వాత ప్రార్థనా గీతం. కోశాధికారి గారి చిన్న కూతురు కళ్ళు మూసుకుని పాడి, కళ్ళు తెరిచి, ఇప్పుడు ఆడుకోవచ్చా అని జర్మన్‌లో అడిగింది. ఆ సభలో పనికొచ్చే మాట అదొక్కటే. బెర్లినావిడ మొదటిసారి నవ్వింది కూడా అప్పుడే.

ఆ తర్వాత సన్మానం. ఎవరో కుర్రాడు కష్టపడి తయారుచేశాడట. ఆవిడ ఏజెన్సీ సైట్‌లోని ఫొటో తీసుకుని, ఆ స్కార్ఫ్ పైనే కంప్యూటర్లో శాలువా కప్పాడు. చేతుల్లో జ్ఞాపిక కూడా పెట్టాడు, ఆ చేతులు ఎవరివో మరి. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ థాంక్యూ అంది. ఇంకా నా పుస్తకానికి ఏమీ చేయని మనిషికి, చేస్తానని కూడా అనని మనిషికి శాలువా! పళ్ళు నూరుకుంటూ, తెర మీద మాత్రం నవ్వుతూ కూర్చున్నాను.

అప్పుడు ఆవిడ చాలా మర్యాదగా, ఇంగ్లీషులో అడిగింది. “ఒక నవల వెనక ఇంతమంది నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. నేను యాభై పేజీలే చదివాను. మీరు మొత్తం చదివినవాళ్ళు. మీలో ఎవరైనా చెబుతారా, ఇందులో మీకు బాగా గుర్తుండిపోయింది ఏమిటి?”

మన సభల్లో దీనికొక అలవాటైన దారి ఉంది. వక్త లేచి, ‘పుస్తకం నాకు నిన్ననే అందింది, పూర్తిగా చదవలేకపోయాను గానీ’ అని మొదలుపెట్టి అరగంట మాట్లాడతాడు. ఎవరూ తప్పు పట్టరు. కానీ ఇలా మొహం మీద అడిగితే, అదీ మరో భాషలో, ఆ దారి మూసుకుపోతుంది. తెర మీద అందరూ ఒక్కసారి కిందికి చూశారు. ఒక చదరం నల్లబడింది. ఇంకొకటి. పట్టుచీరలు, జరీ లాల్చీలు వరసగా ఆరిపోయి పేర్లు మాత్రం మిగిలాయి. వోల్ఫ్స్‌బర్గ్ కుర్రాడొకడు ధైర్యం చేశాడు.

“వెరీ ఇన్‌స్పైరింగ్ నావెల్ మేడమ్.”

“ఏ విధంగా?” అందావిడ.

“అన్ని విధాలా మేడమ్” అని వాడూ ఆరిపోయాడు.

నేను చూస్తున్నది వాళ్ళ చదరాలు కాదు. మా ఆయన చదరం. నువ్వు చెప్పు, ఒక్క మాట చెప్పు అని మనసులో అనుకుంటూనే ఉన్నాను. ఆ నవల కాగితాల మీద తీయించి, పిన్ను కొట్టి ఆయన మంచం పక్కన పెట్టాను. చదివానన్నాడు, బాగుందన్నాడు. ఆయన చదరం కూడా నల్లబడింది. పడగ్గది తలుపుకి అవతల ఆయన కుర్చీ జరిపిన చప్పుడు నాకు వినపడింది.

ఆ నిశ్శబ్దం నుంచి సభని అధ్యక్షుడు గారు మాట్లాడి కాపాడారు. నవల గురించి కాదు, తన గురించి. బెర్లిన్ గోడ కూలిన కొత్తలో కెమ్నిట్జ్ రావడం, హాస్టల్లో హీటరు పాడైతే తువ్వాలు తలకి చుట్టుకుని పడుకోవడం, పక్కగది ముసలి ప్రొఫెసరు బంగాళదుంపలు ఉడికించి పెట్టి జర్మన్ నేర్పడం, వీధిలో తిట్టినవాడే తర్వాత పెళ్ళికి పిలవడం. అచ్చమైన జర్మన్‌లో, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ చెప్పారు. బెర్లినావిడ కాఫీ కప్పు పక్కన పెట్టింది. కాగితం తీసి రాసుకుంది. ఆ వీధి ఎక్కడ, ఆ ప్రొఫెసరు ఏమయ్యాడు అని ఆపకుండా అడిగింది. చివర్లో నా వైపు తిరిగి, మీరు కూడా కెమ్నిట్జ్‌లోనే చదివారా అంది. లేదన్నాను. వందన సమర్పణ జరిగింది.

లాప్‌టాప్ మూసి పడగ్గదిలోకి వెళ్ళాను. “నిజం చెప్పు, చదివావా?” అన్నాను.

“సగం దాకా వచ్చిన” అన్నాడు మా ఆయన. కరీంనగర్ మనిషి, తప్పు చేసినప్పుడు గొంతు మరీ మెత్తబడుతుంది.

“సగంలో ఏమైంది?”

“వాన పడ్తుంటది కదా.”

“వాన మొదటి పేజీ నుంచీ పడుతుంది.”

“గట్లనే పడ్తుందని ఇడిసిపెట్టిన. ఏడాది సంది నువ్వు రాస్తుంటే చూస్తనే ఉన్న గద, మల్ల చదువుడెందుకు అనిపించింది. ఇప్పుడు చదువుతా తియ్.”

అంత అసహ్యం నాకు ఏ ఏజెంటు మీదా కలగలేదు. ఏజెంట్లు కనీసం పలకలేమని సైట్‌లో ముందే రాసిపెడతారు.

సోమవారం బెర్లినావిడ ఉత్తరం వచ్చింది. ఈసారి బట్టీ పట్టిన వాక్యం కాదు, అందుకే ఎక్కువ తగిలింది. ఆ యాభై పేజీలు తనకి నిజంగానే నచ్చాయట. కానీ, మొత్తం చదివిన దగ్గరివాళ్ళు అంతమందికి చెప్పుకోడానికి ఒక్క మాట కూడా దొరకలేదంటే, ముందుకు వెళ్ళేకొద్దీ నవల చెయ్యి జారిపోయి ఉంటుందని భయమేసిందట. అలాంటి నవలని ప్రచురణకర్తల ముందు నిలబెట్టలేనంది. కింద ఇంకో పేరా. మీ అధ్యక్షుడి జీవితం మంచి పుస్తకమవుతుంది, ఆయన చెప్పగలరు గానీ రాయలేరనుకుంటాను, మీ వాక్యం శుభ్రంగా ఉంటుంది కాబట్టి మీరు రాసిపెడతారా, అని.

మధ్యాహ్నానికి అధ్యక్షుడు గారి ఫోన్. ఆయనకీ ఉత్తరం వచ్చింది.

“చెల్లెమ్మా, మన కష్టం ఫలించిందమ్మా! మనకి ఏజెంటు దొరికింది!” ఆయన గొంతులో కల్మషం లేదు. అదే నాకు భరించరానిదైంది. “నేను చెబుతూ ఉంటాను, నువ్వు రాసేసుకో. లోపల మొదటి పేజీలో నీ పేరు వేసి కృతజ్ఞతలు చెబుతాను. ఆవిడతో నేనే మాట్లాడతాలే.”

“నేను రాయనండీ. మీరు నా నవల చదవకుండా నా మీటింగుకి అరవైమందిని తీసుకొచ్చారు. చదివినట్టు కూర్చున్నారు. దాంతో నా నవల పోయింది.”

“అయ్యయ్యో, చదవాలనే ఉందమ్మా, తీరికేదీ? నవలదేముంది, నువ్వు తల్చుకుంటే ఇంకోటి రాస్తావు. ఇలాంటి అవకాశం మళ్ళీ రాదమ్మా.”

ఇల్లు ఇప్పించిన మనిషని కూడా చూడలేదు, ఫోన్ పెట్టేశాను. ఒళ్ళంతా మండిపోతోంది. ఆ మంటలోనే బెర్లినావిడకి రాశాను. వాళ్ళెవరూ చదవలేదు, మా దగ్గర సభలకి రావడానికి పుస్తకం చదవనక్కర్లేదు, ఆ నిశ్శబ్దం నా నవల మీద తీర్పు కాదు, అని. నా జాతి పరువు తీసినందుకు ఏమాత్రం బాధపడలేదు. వాళ్ళు తీసినదాంట్లో అది ఎంత?

పావుగంటలో జవాబొచ్చింది. ఆవిడ కూడా బల్ల దగ్గరే కూర్చుని ఉందన్నమాట. ‘అలా అయితే నేను పొరపాటు పడ్డాను, మన్నించండి. మిగతా పేజీలు పంపండి, నేనే చదువుతాను. కానీ ఒకటి అడగనా? మీ పరిచయంలో, మీ భర్తే మీ తొలి పాఠకుడని రాశారు. శనివారం ఆయనా అక్కడ ఉన్నారు. ఆయన కూడా చదవలేదా?’

కావలసింది ఒక్క ముక్క. ‘చదవలేదు’ అని రాసి మిగతా పేజీలు పంపితే చాలు. ఏడాది పాటు నేను కోరుకున్న మనిషి, నాకు చుట్టమూ స్నేహితురాలూ కాని మనిషి, చదువుతానంటోంది. వేళ్ళు ఆ మాట దగ్గరికి వెళ్ళి ఆగిపోయాయి. మూడడుగుల దూరంలో టీ తాగుతూ, నేను టైప్ చేసే చప్పుడుకి విసుక్కోకుండా, నా పక్కనే ఏడాదంతా తిరిగిన మనిషి, నేను రాసింది తెలుసుకోవాలని ఒక్కసారి కూడా అనుకోలేదని ఒక పరాయి మనిషికి రాయాలి. నవల బాగోలేదని లోకమంతా అన్నా నేను పడతాను. ఇది పడలేను.

‘ఆయన మొత్తం చదివారు. ఆయనకి నచ్చలేదు’ అని రాశాను. చదివిన ఒక్క మనిషికీ నచ్చలేదంటే ఆవిడ భయం నిజమైనట్టే, దాంతో ఆ నవల సంగతి ముగిసిపోతుందని తెలిసే, మిగతా పేజీలు జతచేయకుండా పంపాను.

మా ఆయన బియ్యం డబ్బా కోసం వంటగదిలోకి వచ్చాడు. “ఏమంటుంది ఆమె?” అన్నాడు.

“నువ్వు చదివావా అని అడిగింది.”

ఆయన చెయ్యి డబ్బా మూత మీద ఆగిపోయింది. “ఏం చెప్పినవ్?”

“చదివావని చెప్పాను.”

“అమ్మయ్య” అన్నాడు. నిజంగానే గుండెల్నిండా ఊపిరి పీల్చుకుని వదిలాడు. “మంచి పని చేసినవ్” అని, రెండు గ్లాసుల బియ్యం పొయ్యాలా, ఒకటిన్నర చాలా అని అడిగాడు.